ముళ్ళపంది ఇంట్లో రెండు కప్పులు

సోమవారం పొద్దున మూడో తరగతి టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి గంట కొట్టగానే హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళాలి, పుస్తకాల బీరువా తాళంచెవి అడగాలి, ఆయన కాదనే లోపలే 'థాంక్సండీ' అనేసి బయటపడాలి. బస్సులో నిలబడి ఆ మాటల్ని నాలుగుసార్లు సాధన కూడా చేసింది. పక్కనున్న పెద్దమనిషి రెండుసార్లు "నన్నేనా అమ్మా" అని అడిగి, మూడోసారి వేరే సీటు చూసుకున్నాడు.

ఆ బీరువాలో నూట నలభై రెండు కథల పుస్తకాలున్నాయి. కిందటేడు ఎవరో పుణ్యాత్ములు పిల్లల కోసం పంపించారు. వచ్చిన రోజే హెడ్మాస్టరుగారు ఒక్కొక్కదాన్నీ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, నంబరు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటినుంచి అవి చాలా క్షేమంగా ఉన్నాయి. పిల్లలెవరూ వాటిని చూసిన పాపాన పోలేదు.

ఆయన చెడ్డవారని కాదు. క్రమం అంటే ప్రాణం పెట్టే మనిషి, అంతే. బడిలో ప్రతి నోటుపుస్తకానికీ బ్రౌన్ పేపరు అట్టే ఉండాలి. అట్ట మీద పేరు రాయకూడదు, హాజరుపట్టీలో ఉన్న నంబరు మాత్రమే వెయ్యాలి. పేరు రాయనిస్తే పక్కన పువ్వు వేస్తారనీ, పువ్వు వేశాక సీతాకోకచిలుకని ఆపడం ఎవరి తరమూ కాదనీ ఆయన అనుభవం. ఈ నిబంధన కాస్త గుర్తుపెట్టుకోండి. మన టీచరు కొంప ముంచబోయేది ఇదే.

"సార్, పుస్తకాల బీరువా తాళం..."

"చిరిగిపోతాయమ్మా."

"ఇంకా ఇవ్వలేదు కదండీ."

"ఇచ్చాక చెప్పి ఏం లాభం? అందుకే ముందే చెప్తున్నా."

పావుగంట బతిమాలితే చివరికి ఒక్క పుస్తకం చేతిలో పెట్టారు. ముప్పై ఒక్క మంది పిల్లలకు ఒకే ఒక్కటి. అదీ ఇరవై నాలుగు పేజీలని ఆమె ఎదుటే లెక్కపెట్టి మరీ ఇచ్చారు. మూడున్నరకల్లా తిరిగి రావాలన్నారు. టీచరు గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు.

"ఇంకో మాట. ఈ కథల పీరియడు మీద నాకంత నమ్మకం లేదు. శుక్రవారం మీ తరగతి పిల్లల అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్ళలో ఒక్కరు ఫిర్యాదు చేసినా సోమవారం నుంచి అది ఎక్కాల పీరియడు."

ఆ పీరియడు పోయినంత మాత్రాన టీచరు ఉద్యోగం పోదు. కానీ గువ్వ సంగతేం కావాలి? గువ్వ అంటే వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. ఎప్పుడూ ముడుచుకుని కూర్చుంటుందని తోటి పిల్లలు పెట్టిన పేరది. రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తుంది. గట్టిగా చదవమంటే మాత్రం లేచి నిలబడి, పుస్తకం వంకా టీచరు వంకా మార్చి మార్చి చూసి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుండిపోతుంది. సెలవులు వచ్చేలోగా ఈ పిల్ల చేత నలుగురి ముందు ఒక్క వాక్యం చదివించాలని టీచరు పంతం పట్టింది. ఎక్కాలు వల్లెవేయిస్తే అది జరిగే పని కాదని ఆమెకు తెలుసు.

ఆ ఒక్క పుస్తకంలో ఒక ముళ్ళపంది ఉంది. గుట్ట కింద ఇల్లు కట్టుకుని, తలుపుకి 'ఎవరూ రావద్దు' అని బోర్డు తగిలించుకుంది. కుందేలు పలకరిస్తే కసురుకుంటుంది, ఉడుత నవ్వితే తలుపు వేసేసుకుంటుంది. కథ మధ్యలో దాని వంటగది బొమ్మ ఉంది. బల్ల మీద రెండు కప్పులున్నాయి. టీచరు ఆ పేజీని పిల్లలవైపు తిప్పి పట్టుకుంది.

"ఇంట్లో ఉండేది అదొక్కటే కదా. మరి కప్పులు రెండెందుకు?"

"ఒకటి కడగలేదు టీచర్," అన్నాడు మొదటి బెంచీవాడు.

"మా ఇంట్లో పన్నెండున్నాయి టీచర్," అంది ఇంకో పిల్ల. "కానీ అమ్మ మమ్మల్ని ముట్టుకోనివ్వదు."

అప్పుడు కిటికీ పక్కనుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఎవరైనా వస్తారేమోనని."

తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. గువ్వ వెంటనే తల దించేసుకుంది. టీచరుకి ఆ పూట భోజనం చెయ్యకుండానే కడుపు నిండింది. బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు 'పైకి' అనీ, కుడివైపు 'లోపల' అనీ రాసింది.

"ముళ్ళపంది పైకి ఏమంది? ఎవరూ రావద్దంది. లోపల ఏముంది? ఎవరైనా వస్తే బావుణ్ణని ఉంది. కథల్లో మనుషులు ఇలాగే ఉంటారు. పైకి అన్నమాట పుస్తకంలో రాసే ఉంటుంది. లోపలిది మనమే కనిపెట్టాలి. కథ చదవడంలో మజా అంతా అక్కడే ఉంది."

పిల్లలకు ఇది దొంగని పట్టుకునే ఆటలా అనిపించింది. ముళ్ళపందిని పట్టేశారు, కుందేలుని పట్టేశారు, ఒకడైతే తలుపు లోపల కూడా ఏదో ఉందన్నాడు. మూడున్నరకి టీచరు పుస్తకం తిరిగిచ్చింది. హెడ్మాస్టరుగారు పేజీలు లెక్కపెట్టి, పద్నాలుగో పేజీ మూల గోరంత మడత పడిందని కనిపెట్టి, "చెప్పానా" అన్నారు. ఇక ఇంకో పుస్తకం లేదని తేల్చేశారు.

పుస్తకాలు లేకపోతే ఏం, ఇళ్ళల్లో మనుషులు లేరూ అనుకుంది టీచరు. ఆ అనుకోవడమే తప్పయింది. మంగళవారం పిల్లలందరి చేతా కొత్త నోటుపుస్తకాలు తెప్పించింది. నిబంధన ప్రకారం వాటికి బ్రౌన్ పేపరు అట్టలు వేయించింది, నంబర్లు వేయించింది.

"మీకు తెలిసిన మనిషిని ఒకరిని ఎంచుకోండి. మన కథలో వాళ్ళే పాత్ర అనుకోండి. బాగా గమనించి, ఎడమవైపు పైకి అన్నది, కుడివైపు లోపల ఉన్నది రాయండి."

"ఎవరినైనా గమనించచ్చా టీచర్?"

"ఎవరినైనా."

బుధవారం ఆ పుస్తకాలు చదువుతూ కూర్చుని ఆమె టిఫిన్ డబ్బా మూత తీయడం మరిచిపోయింది. 'అమ్మమ్మ. పైకి: నాకెందుకురా ఫోను. లోపల: ఎవరూ చెయ్యలేదని పొద్దుటినుంచి దాన్నే చూస్తోంది.' 'నాన్న. పైకి: ఈ లెక్క నాకొచ్చు, కానీ నువ్వే చెయ్యాలి. లోపల: రాదు.' 'తమ్ముడు. పైకి: ఏడుపు. లోపల: ఏమీ లేదు.' ఒక్కొక్కటీ చదువుతూ తనలో తానే నవ్వుకుంటుంటే పక్క తరగతి టీచరు వచ్చి నుదురు మీద చెయ్యి వేసి చూసి వెళ్ళింది.

ఇరవై తొమ్మిదో నంబరు పుస్తకం తెరిచాక ఆ నవ్వు ఆగిపోయింది. అది గువ్వది. పాత్ర అన్నచోట 'మా హెడ్మాస్టరు సారు' అని రాసి ఉంది. గువ్వ వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చేసరికి అయిదవుతుంది. బడి నాలుగింటికి వదిలేస్తే, అమ్మ వచ్చేదాకా ఆ పిల్ల ఆఫీసు గది బయట మెట్టు మీద కూర్చుంటుంది. ఆ మెట్టు మీద నుంచి చూసిందంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టింది. టీచరు ఆ పేజీ రెండుసార్లు చదివింది. రెండోసారి కళ్ళు చెమ్మగిల్లాయి. కళ్ళు తుడుచుకున్నాక భయం పట్టుకుంది. ఇది ఆయన కంటబడితే పీరియడు మాట దేవుడెరుగు, తన చేత ఎక్కాలు వల్లె వేయిస్తారు. చప్పున పుస్తకం మూసి కట్ట అడుగుకి తోసేసింది.

ఈలోపు పిల్లలు ఆట మరిగారు. గురువారం పొద్దున టీచరు గేటు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు ఆమె కోసం కాచుకుని ఉన్నారు.

మొదట బ్యాంకు ఆఫీసరమ్మ అందుకుంది. "మొన్న రాత్రి మా మేనేజరుగారు భార్యతో భోజనానికొచ్చారండీ. ఇక వెళ్తామని లేస్తే, మర్యాదకి 'అప్పుడేనా, ఇంకాసేపు కూర్చోండి' అన్నాను. మావాడు నోటుపుస్తకం పట్టుకొచ్చి, 'అమ్మా, ఇది పైకా, లోపలా' అని అడిగాడు. ఆయన లేచినవారల్లా ఆగి, నేనేం చెప్తానా అని నావంకే చూస్తూ నిలబడ్డారు."

"మీరేమన్నారండీ?"

"ఏమంటాను? ఇంకో గంట కూర్చోబెట్టాను."

బస్సు డ్రైవరు ఆమె మాట పూర్తికానివ్వలేదు. "మా బావమరిది ఫోన్ చేస్తే 'బస్సు నడుపుతున్నా, తర్వాత మాట్లాడతా' అన్నాను టీచరుగారూ. 'నాన్నా, మంచం మీద పడుకుని నడుపుతున్నావా' అని మా అమ్మాయి ఇంటికప్పు లేచిపోయేలా అడిగింది. వాడు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఆ మాటకొస్తే అది మంచిదే అనుకోండి. కానీ పరువు ఒకటి ఉంటుంది కదా."

టైలరు అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నాడు. "మీ పాఠం వల్ల నా షాపు మూతపడేట్టుంది. 'రేపు ఇచ్చేస్తానండీ' అని నేను చెప్పడం, 'పైకి రేపు, లోపల ఇంకా కత్తిరించలేదు' అని మావాడు చెప్పడం. నిన్న ఒక్కరోజే నలుగురు బట్ట వెనక్కి పట్టుకుపోయారు. రేపు మీటింగులో హెడ్మాస్టరుగారితోనే తేల్చుకుంటాను."

"మేమూ చెప్తాం," అన్నారు మిగతా ఇద్దరూ.

పీరియడు పోవడానికి ఒక్కరు చాలనుకుంటే ముగ్గురు తయారయ్యారు. టీచరు స్టాఫు గదికి వెళ్ళి, ఆ నోటుపుస్తకాల కట్టని అల్మరా అట్టడుగు అరలో, చుట్టిపెట్టిన పటాల వెనక దాచేసింది. అది కనపడకపోతే రేపటికి వీళ్ళ కోపం కాస్త చల్లారుతుందని ఆశ. అదృష్టవశాత్తు హెడ్మాస్టరుగారి ఆలోచన కూడా దానికి తోడైంది.

"రేపు ఒక్కొక్కరి ముందూ ఆ పిల్లల చూచిరాత పుస్తకం పెట్టించండి. గుండ్రటి అక్షరాలు చూస్తే మనసు కుదుటపడుతుంది, ఎవరూ నోరెత్తరు."

"అలాగే సార్," అంది టీచరు ప్రాణం లేచివచ్చి. అటెండరుని పిలిచి, స్టాఫు గది అల్మరాలో మూడో తరగతి చూచిరాత పుస్తకాలున్నాయనీ, రేపు మధ్యాహ్నం వాటిని హాల్లో బెంచీల మీద పెట్టమనీ చెప్పింది.

అటెండరు ఇరవై రెండేళ్ళుగా ఆ బడిలో పనిచేస్తున్నాడు. బడి పరువు తన భుజాల మీదే ఉందని నమ్మే మనిషి. శుక్రవారం మధ్యాహ్నం చూచిరాత పుస్తకాల కట్ట తీసి చూస్తే ఆయన మనసు ఒప్పలేదు. అట్టలు నలిగి ఉన్నాయి, మూలలు చుట్టుకుపోయాయి, సిరా మరకలున్నాయి, ఒకదాన్ని ఎవరో కొరికినట్టు కూడా ఉంది. వీటిని నలుగురి ముందు పెడితే హెడ్మాస్టరుగారి తల కొట్టేసినట్టు కాదూ? అల్మరా అంతా వెతికాడు. అట్టడుగున పటాల వెనక ఇంకో కట్ట దొరికింది. అదే బ్రౌన్ పేపరు, అవే నంబర్లు ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా, అట్టలు మాత్రం కొత్తగా తళతళలాడుతున్నాయి. పాపం టీచరమ్మ మంచివి దాచిపెట్టి మరిచిపోయినట్టుందని జాలిపడి, ఆ కట్టే హాల్లోకి మోసుకుపోయాడు.

తల్లిదండ్రులు హాజరుపట్టీ వరసలో గుమ్మం దగ్గరనుంచి కూర్చోవాలని హెడ్మాస్టరుగారి ఆజ్ఞ. అటెండరు కట్టని దించింది కిటికీ దగ్గర. అందుకని పేర్చడం అక్కడినుంచే మొదలుపెట్టాడు. ఒకటో నంబరు పుస్తకం ముప్పై ఒకటో పిల్లవాడి తండ్రి చోటుకీ, ముప్పై ఒకటోది ఒకటో పిల్ల తల్లి చోటుకీ చేరాయి. అట్టల మీద పేర్లుంటే ఈ తిరకాసు అర నిమిషంలో తేలిపోయేది. తమ పిల్లల హాజరు నంబరు ఏ తల్లిదండ్రులకు గుర్తుంటుంది? పోనీ చేతిరాత చూసి పోల్చుకుందామా అంటే, హెడ్మాస్టరుగారి చూచిరాత పుణ్యమా అని ముప్పై ఒక్కమందీ ఒకేలా రాస్తారు.

నాలుగింటికి అందరూ వచ్చారు. అటెండరు హాజరుపట్టీ చూసి ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టాడు. మూడో చోటు ఒకటీ, చివర్న గువ్వ వాళ్ళమ్మ చోటూ ఖాళీగా ఉండిపోయాయి. గువ్వ ఎప్పటిలాగే ఆఫీసు మెట్టు మీద కూర్చుంది. అక్కడినుంచి హాలు కనపడుతుంది.

టీచరు హాల్లోకి రాగానే ఏదో తేడాగా అనిపించింది. హాలు మరీ నిశ్శబ్దంగా ఉంది. బస్సు డ్రైవరు పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. ఒక పేజీ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చాడు. చూచిరాతని రెండోసారి చదివే తండ్రి ఈ భూప్రపంచంలో ఉండడు. ఆమె స్టాఫు గదికి పరుగెత్తి అల్మరా తెరిచింది. పై అరలో చూచిరాత కట్ట నలిగిన అట్టలతో ఆమె వంకే చూస్తోంది. అట్టడుగున పటాలు తప్ప ఏమీ లేవు.

తిరిగి వచ్చేసరికి వ్యవహారం చెయ్యి దాటిపోయింది. డ్రైవరు ముందున్నది నిజానికి బ్యాంకు ఆఫీసరమ్మ కొడుకు రాసింది. 'అమ్మ. పైకి: మీరు తినండి, నేను తర్వాత తింటాను. లోపల: తర్వాత తినేటప్పటికి కూర ఉండదు.' డ్రైవరు పుస్తకం మీద వేలు పెట్టి, పక్కనున్న భార్యవైపు తిరిగాడు.

"ఏమే, నువ్వు తినేసరికి కూర ఉండదా?"

"ఇన్నాళ్ళకి తెలిసిందా?" అంది ఆవిడ, పుస్తకం వంక చూడకుండానే.

డ్రైవరు భార్య చెయ్యి పట్టుకుందామనుకుని, అందరూ ఉన్నారని ఆగి, ఆవిడ చేతిసంచీ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

అవతల బ్యాంకు ఆఫీసరమ్మ ముందుకి డ్రైవరు కూతురి పుస్తకం వచ్చింది. 'నాన్న. పైకి: కూర్చుని చేసే పనే కదా, అలుపేముంటుంది. లోపల: కుర్చీలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటాడు.' ఆవిడ అక్కడికక్కడే భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీకు నడుం నొప్పా? నాకెందుకు చెప్పలేదు?"

ఫోన్లో "నీకెవరు చెప్పారు?" అన్నాడు ఆయన.

టీచరు వరసల మధ్య తిరుగుతూ బతిమాలింది. "క్షమించండి, పుస్తకాలు మారాయి. ఇవి కాదు, వేరేవి పెట్టాలి. ఇటివ్వండి." ఎవరూ ఇవ్వలేదు. ఆమె లాగితే డ్రైవరు అటునుంచి లాగాడు. "ఉండండి టీచరుగారూ, మా అమ్మాయి ఇంకా ఏం రాసిందో చూడనివ్వండి," అన్నాడు.

అప్పుడే హెడ్మాస్టరుగారు లేచి గొంతు సవరించుకున్నారు. అందరూ పుస్తకాల్లో మునిగి ఉండడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా, మా పిల్లల చేతిరాత ఎంత కట్టిపడేస్తుందో. నేనే ఒకటి చదివి వినిపిస్తాను," అంటూ ఖాళీగా ఉన్న మూడో చోటునుంచి పుస్తకం అందుకున్నారు. అట్ట మీద ఇరవై తొమ్మిది అని ఉంది. టీచరు పక్కనున్న బెంచీ గట్టిగా పట్టుకుంది.

"'పాత్ర: మా హెడ్మాస్టరు సారు.' అరె, నా గురించే రాశారే." ఆయన కాస్త ముసిముసిగా నవ్వారు. "'పైకి: పుస్తకాలు ముట్టుకోకండి, చిరుగుతాయి.' నిజమే కదండీ, చిరుగుతాయి. 'లోపల...'"

అక్కడ ఆగిపోయారు. కళ్ళు మాత్రం కిందికి కదులుతూనే ఉన్నాయి. హాలంతా ఎదురుచూసింది.

"ఆపేశారేం సార్?" అన్నాడు బస్సు డ్రైవరు. "లోపలే కదా అసలు సంగతి."

"కళ్ళజోడు... సరిగా కనపడ్డం లేదు." ఆయన అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

టీచరు ముందుకి వచ్చింది. "సార్, తప్పంతా నాది. నేనే రాయమన్నాను."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఇరవై తొమ్మిది ఎవరు?"

ఆయన పెట్టిన నిబంధన ఆయనకే అడ్డొచ్చింది, అట్ట మీద పేరు లేదు. మెట్టు మీదనుంచి సన్నటి గొంతు వినపడింది. "నేనే సార్."

"ఇలా రామ్మా. నువ్వే చదువు."

"సార్, ఆ పిల్ల నలుగురిలో చదవలేదండీ," అంది టీచరు నెమ్మదిగా. ఇన్నాళ్ళు తాను కోరుకున్నది ఇదే. కానీ ఇలా, ఇంతమంది ముందు, మెడ మీద కత్తి పెట్టినట్టు కాదు. గువ్వ లోపలికి వచ్చి పుస్తకం అందుకుంది. పుస్తకం వంకా టీచరు వంకా మార్చి మార్చి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీచరు రెండు వేళ్ళు చూపించింది. రెండు కప్పులని ఆ పిల్లకి అర్థమైంది. పుస్తకం కాస్త మొహానికి దగ్గరగా పట్టుకుని మొదలుపెట్టింది.

"'లోపల: సారుకి కథలంటే చాలా ఇష్టం. అందరూ వెళ్ళిపోయాక బీరువా తీసి ఒక పుస్తకం చదువుతారు. పైకి: చదివేటప్పుడు శబ్దం రాకూడదు. లోపల: సారు గట్టిగానే చదువుతారు. గొంతులు మారుస్తారు. ఎలుగుబంటి గొంతు బాగా వస్తుంది.'"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. గువ్వ ఆగలేదు. గుమ్మం దగ్గరికి వాళ్ళమ్మ వచ్చింది, ఆసుపత్రి దుస్తుల్లోనే, సంచీ భుజాన వేసుకుని. చదువుతున్నది తన కూతురేనని నమ్మకం కుదరక, పక్కనున్న అటెండరు మొహంలోకి చూసింది. ఆయన అవునన్నట్టు తలూపాడు.

"'సారు గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఎప్పుడూ ఎవరూ ఉండరు. నేను రోజూ మెట్టు మీద కూర్చుని కథ వింటాను. లోపలికి రమ్మని సారు అనలేదు. ముళ్ళపంది కూడా అనలేదు.'"

అయిపోయింది. గువ్వ పుస్తకం మూసి, ఇప్పుడేం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడింది. టీచరు ఏడ్చేసింది, దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఒక్క వాక్యం చాలనుకుంటే ఆ పిల్ల పేజీ మొత్తం చదివేసింది. గుమ్మం దగ్గర వాళ్ళమ్మ సంచీ కింద పెట్టేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

హెడ్మాస్టరుగారు అడుగుతారేమోనని అందరూ భయపడిన ప్రశ్నలేవీ అడగలేదు. వంగి, గువ్వకి మాత్రమే వినపడాలన్నట్టు, అయినా అందరికీ వినపడేలా అడిగారు.

"ఎలుగుబంటి గొంతు నిజంగా బాగా వస్తుందా?"

"కొంచెం ముక్కుతో వస్తుంది సార్," అంది గువ్వ. "కానీ బావుంటుంది."

ఆయన తలూపి నిటారుగా నిలబడ్డారు. మళ్ళీ హెడ్మాస్టరుగారయ్యారు. "ఈ కథల పీరియడు గురించి ఎవరికైనా ఫిర్యాదు ఉంటే చెప్పండి."

బ్యాంకు ఆఫీసరమ్మ ఫోన్లో నడుంనొప్పికి ఏ డాక్టరు మంచిదో వెతుకుతోంది. డ్రైవరు భార్య సంచీ ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. హమ్మయ్య అనుకునే లోపల, మధ్య వరసలోంచి టైలరు చెయ్యి లేచింది.

"నాకుందండీ."

హెడ్మాస్టరుగారు చెప్పమన్నట్టు చెయ్యి చూపించారు.

"ఈ పుస్తకం మాది కాదు సార్," అన్నాడు టైలరు. "ఇందులో నాన్న రోజుకి పదిసార్లు అబద్ధం ఆడతాడంట. రేపు ఇస్తానంటాడంట, ఇవ్వడంట. మావాడు నా గురించి ఇలా రాయడు. పాపం ఎవరిదో ఏమో, వాళ్ళకిచ్చి మాది మాకిప్పించండి."

హెడ్మాస్టరుగారు అట్ట చూశారు. పదహారు. హాజరుపట్టీ తెరిచారు. పదహారు టైలరు కొడుకే. ముప్పై ఒక్క పుస్తకాలను ఏ చివరినుంచి పేర్చినా పదహారోది నడిమధ్యే పడుతుంది. అంటే ఆ హాల్లో తన సొంత ఇంటి పుస్తకం అందుకున్నది టైలరొక్కడేనన్నమాట. తనది కాదన్నదీ అతనొక్కడే.

"ఇది మీ అబ్బాయిదేనండీ," అన్నారు హెడ్మాస్టరుగారు. "ఫిర్యాదు రాసుకోమంటారా?"

టైలరు పుస్తకంలోకి ఇంకోసారి తొంగి చూశాడు. "వద్దులెండి," అని కూర్చున్నాడు.

అప్పటికి అటెండరుకి తాను చేసిన ఘనకార్యం అర్థమైంది. చేతులు కట్టుకుని ముందుకొచ్చి, పేర్చడం తలకిందులైందనీ, ఎవరి పుస్తకాలు వాళ్ళకి ఇప్పుడే మార్చేస్తాననీ ఒప్పుకున్నాడు. ఎవరూ కదల్లేదు. పుస్తకాలు వదిలేట్టు లేరు.

"ఇది మా అమ్మాయిది కాదా?" డ్రైవరు పుస్తకం గుండెకి హత్తుకుని భార్యని అడిగాడు. "మరి ఆ కూర సంగతి?"

"అది మనదే," అంది ఆవిడ.

సోమవారం కథల పీరియడు కథల పీరియడుగానే ఉంది. హెడ్మాస్టరుగారు తాళంచెవితో స్వయంగా వచ్చి బీరువా తెరిచారు. చేతులు కడుక్కుని రావాలన్నారు, పేజీ మూలలు మడవకూడదన్నారు, చిరిగితే మాత్రం ఊరుకునేది లేదన్నారు. పిల్లలు బుద్ధిగా నోటుపుస్తకాలు తీసి, ఆ మూడు మాటలూ ఎడమవైపు రాసుకున్నారు. కుడివైపు ఏం రాసుకున్నారో టీచరు అడగలేదు.

సాయంత్రం నాలుగింటి తర్వాత ఆఫీసు మెట్టు ఖాళీగా ఉంది. గువ్వ లోపల రెండో కుర్చీలో, కాళ్ళు నేలకి అందక ఊపుకుంటూ కూర్చుంది. ఆమె పక్కన నేల మీద ఇంకో పదకొండు మంది ఉన్నారు, వాళ్ళ అమ్మలు ఆలస్యంగా వచ్చేవాళ్ళు కాకపోయినా. ఎలుగుబంటి వచ్చే చోటు దగ్గరపడుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టారు. హెడ్మాస్టరుగారు ఊపు మీద గబుక్కున పేజీ తిప్పారు.

బీరువా తెరిచాక చిరిగిన మొట్టమొదటి పేజీ అదే. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.